తప్పిన రోజు తర్వాత ఏం చేస్తున్నావు?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అచ్యుతాపురం సెజ్‌లో ఫార్మా కంపెనీ ఉద్యోగం, కూర్మన్నపాలెంలో రూము, వారం వారం మారే షిఫ్టులు. గ్రూప్-2 కొట్టాలి, బరువు తగ్గాలి, ఇంగ్లిష్ ధారాళంగా మాట్లాడాలి. జనవరి ఒకటికో, ఉగాదికో, పుట్టినరోజుకో గట్టిగా మొదలుపెడతావు, రెండు మూడు వారాలకు వదిలేస్తావు. "నాలో పట్టుదల అనేదే లేదేమో. అసలు అది పెంచుకునేదా, పుట్టుకతో రావాల్సిందా?" అని అడిగావు.

నేను విశాఖ స్టీల్ ప్లాంటులో షిఫ్టుల్లో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఉద్యోగం చేస్తూనే ఆంధ్రా యూనివర్సిటీ దూరవిద్యలో డిగ్రీ, ఆ తర్వాత ఎం.ఎ. పూర్తిచేశాను. ఇప్పుడు ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి చదువుకోవడానికి వచ్చే పిల్లలతో చాలా సాయంత్రాలు గడుపుతాను. మొదలుపెట్టి మానేసినవాళ్ళను, మానేసి మళ్ళీ అందుకున్నవాళ్ళను దగ్గర్నుంచి చూశాను. వాళ్ళ మధ్య తేడా నాకు ఒక్కచోటే కనిపించింది: తప్పిన మర్నాడు ఏం చేశారన్నది. చివరిదాకా నిలబడినవాళ్ళు కూడా తప్పారు, బాగానే తప్పారు. మర్నాడో ఆ మూడో రోజో చప్పుడు చేయకుండా వచ్చి వాళ్ళ కుర్చీలో కూర్చున్నారు. వదిలేసినవాళ్ళు ఆ ఒక్క రోజును పట్టుకుని తమ మీద తామే పెద్ద తీర్పు రాసేసుకున్నారు. పట్టుదల అంటే నా దృష్టిలో తిరిగి రావడమే. అది నేర్చుకుంటే వచ్చేదే. ఎలాగో వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

పుట్టుకతో రావాలా అన్నదానికి ముందు జవాబు చెప్పేస్తాను. ఏంజెలా డక్‌వర్త్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 2007లో 'గ్రిట్' అనే పేరుతో దీని మీద పరిశోధన ప్రచురించాక లోకమంతా అదే మాట పట్టుకుంది. పదేళ్ళ తర్వాత, 2017లో, అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూసిన మరో బృందం ఇది కొత్తగా కనిపెట్టిన గుణమేమీ కాదని, మనిషిలోని బాధ్యత, క్రమశిక్షణ అని ముందునుంచీ చెప్పుకుంటున్నదానికి చాలా దగ్గరగా ఉందని తేల్చింది. ఇంకో మాట కూడా చెప్పింది. ఏళ్ళ తరబడి ఒకే ఆసక్తి నిలుపుకోవడం కన్నా, చేస్తున్న శ్రమను ఆపకుండా కొనసాగించడమే చదువులోనూ పనిలోనూ ఫలితాలతో ఎక్కువ ముడిపడి ఉందట. స్వభావంలో కొంత తేడా ఉంటుంది, కాదనను. కానీ ఆసక్తి తగ్గిన రోజు కూడా శ్రమ ఆగకుండా ఏర్పాటు చేసుకోవడం ఎవరి చేతుల్లోనైనా ఉంది.

ఇక నీ సంగతి. నీ ప్రశ్నలోనే జవాబు సగం ఉంది, నువ్వు గమనించలేదంతే. "ఎ షిఫ్టు వారం బాగా చదివాను, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకూ. తర్వాత బి షిఫ్టు పడింది, అంతా పోయింది" అని రాశావు. ఎ అంటే పొద్దుటి డ్యూటీ, బి మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా, సి రాత్రంతా. ఇంకోచోట "నైట్ షిఫ్టుల్లో వాకింగ్ ఆగిపోయింది" అన్నావు. సాయంత్రం ఆరింటికి చదవాలని నియమం పెట్టుకుని, ఆరింటికి ప్లాంటులో డ్యూటీలో ఉంటే ఎంతటి మొండివాడైనా ఏం చేయగలడు? గడియారానికి కట్టిన నియమం జనరల్ షిఫ్టువాళ్ళకు పనికొస్తుంది. షిఫ్టుల్లో తిరిగే మనలాంటివాళ్ళకు అది ఒక్క వారమే బతుకుతుంది. రెండో వారం అది చస్తే, చచ్చింది మన పట్టుదలే అనుకుంటాం.

మరి దేనికి కట్టాలి? మూడు షిఫ్టుల్లోనూ తప్పకుండా జరిగే పని ఒకటి చూసుకోవాలి. నేను పట్టుకున్నది నిద్రలేచాక తాగే టీ. ఎ షిఫ్టు వారం తెల్లవారకముందే లేస్తాం. బి షిఫ్టు వారం కాస్త నిదానంగా లేస్తాం. సి షిఫ్టు దిగి వచ్చి పడుకుంటే లేచేసరికి మధ్యాహ్నం దాటుతుంది. గడియారం ఎంత చూపించినా లేవడం, ముఖం కడుక్కోవడం, టీ తాగడం ఉండనే ఉంటాయి. ఆ గ్లాసు కింద పెట్టగానే పుస్తకం తెరవాలి, ఫోను ఆ తర్వాతే. ఎ షిఫ్టు వారం బస్సు అందుకోవాలి కాబట్టి పావుగంటే దొరుకుతుంది. సి షిఫ్టు వారం రెండు గంటలు దొరుకుతుంది. ఎంతసేపు అన్నది వారాన్ని బట్టి మారనీ, దేని తర్వాత అన్నది మాత్రం మార్చకు.

ఇది నా ఒక్కడి అనుభవం అనుకోకు. పీటర్ గోల్‌విట్జర్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఈ విషయం మీదే ఏళ్ళ తరబడి పనిచేశాడు. "బాగా చదవాలి" అని ఊరికే అనుకోవడం ఒకటి, "ఫలానాది జరగ్గానే ఫలానాది చేస్తాను" అని ముందే నిర్ణయించుకోవడం ఇంకొకటి. 2006లో ఆయన, పాస్కల్ షీరన్ కలిసి ఇలాంటి 94 పరీక్షల ఫలితాలను ఒకచోట చేర్చి చూస్తే, రెండో పద్ధతి పట్టుకున్నవాళ్ళు తలపెట్టింది చేయడంలో చెప్పుకోదగ్గంత ముందున్నారు. కారణం తేలికగానే అర్థమవుతుంది. ఆ క్షణం వచ్చినప్పుడు "ఇప్పుడు చేయనా, కాసేపాగి చేయనా" అని మనసుతో బేరమాడాల్సిన పని ఉండదు. అలసిపోయిన మనిషి ఆ బేరంలో దాదాపు ఎప్పుడూ ఓడిపోతాడు.

నీకు పనికొచ్చే రెండు మూడు వాక్యాలు రాసిస్తాను, నీ ఇష్టమొచ్చినట్టు మార్చుకో. "టీ గ్లాసు కింద పెట్టగానే పాత ప్రశ్నపత్రం తీస్తాను." "కంపెనీ బస్సులో సీటు దొరకగానే చెవిలో పాలిటీ క్లాసు పెట్టుకుంటాను." "డ్యూటీ దిగి వచ్చాక రూము తాళం తీయకముందే వీధి చివరిదాకా నడిచి వస్తాను." ఈ మూడోది సి షిఫ్టుకు వర్తించదు. రాత్రంతా మేలుకుని వచ్చిన పొద్దున చదువు జోలికీ, నడక జోలికీ పోవద్దు. స్నానం, నాలుగు ఇడ్లీలు, కిటికీకి దళసరి దుప్పటి కట్టి నిద్ర. షిఫ్టు ఉద్యోగి లక్ష్యాలన్నీ నిద్ర మీదే నిలబడతాయి. నిద్ర తగ్గించుకుని చదివినవాళ్ళు ఒక నెల మెరిసి తర్వాత జ్వరంతో పడిపోవడం చాలాసార్లు చూశాను.

రెండో సంగతి కొలత. నువ్వు రోజుకు మూడు గంటలు పెట్టుకున్నావు. మంచి రోజును చూసి వేసుకున్న కొలత అది. కొలత ఎప్పుడూ చెడ్డ రోజును చూసి వేసుకోవాలి. డబుల్ డ్యూటీ పడిన రోజు, ఊళ్ళో అమ్మకు ఒంట్లో బాగోలేదని ఫోను వచ్చిన రోజు, మే నెల ఉక్కపోతలో కరెంటు పోయిన రాత్రి నువ్వు ఎంత చేయగలవో అదే నీ కనీసం. చదువుకు పది ప్రశ్నలు. నడకకు పావుగంట. అంతే. మంచి రోజు మూడు గంటలూ చదువు, నాలుగు గంటలైనా చదువు, ఎవరూ కాదనరు. కానీ ఆ రోజు చదివినట్టా కాదా అన్న లెక్కకు పది ప్రశ్నలు చాలు.

"పది ప్రశ్నలతో గ్రూప్-2 వస్తుందా మాస్టారూ?" అని పిల్లలు నన్ను అడుగుతూనే ఉంటారు. పది ప్రశ్నలతో రాదు. పది ప్రశ్నల కోసం కూర్చున్నవాడు చాలా రోజులు ముప్పయ్యో నలభయ్యో చేసి లేస్తాడు. ఆ కూర్చోవడమే కష్టం. ఇంకా ముఖ్యమైంది, పది చేసి లేచినవాడికి మర్నాడు మళ్ళీ పుస్తకం దగ్గరకు రావడానికి మొహం చెల్లకపోవడం అనేది ఉండదు.

ఇప్పుడు లెక్క రాసుకోవడం గురించి. దీనికి యాప్‌లు ఉన్నాయి, వాడేవాళ్ళు వాడనీ. నాకు నచ్చింది మాత్రం మన గోడ మీద వేలాడే తెలుగు క్యాలెండరు. అమ్మావాళ్ళు పాలు పోయించుకోని రోజున చిన్న సున్నా పెట్టి, గ్యాస్ సిలిండర్ వచ్చిన తేదీ చుట్టూ గీత గీసి పెట్టుకునే ఆ క్యాలెండరే. తిథి, నక్షత్రం అచ్చేసిన గడిలో మూల కాస్త జాగా ఉంటుంది. చదివిన రోజు అక్కడ ఒక టిక్కు పెట్టు. చదవని రోజు ఖాళీ వదలకు. ఎందుకు చదవలేదో ఒకటి రెండు అక్షరాల్లో రాయి. బి షిఫ్టుకు 'బి', జ్వరానికి 'జ్వ', పెళ్ళికి 'పె', ఫోనుకు 'ఫో', ఊరికే బద్ధకానికి 'బ'. ఎవరూ చూడరు, నిజం రాయి.

గ్రంథాలయానికి వచ్చే ఒక అమ్మాయి ఇలా రాసింది. గోపాలపట్నం నుంచి వచ్చేది, ప్రైవేటు స్కూల్లో టీచరు. "నాకు బద్ధకం ఎక్కువండీ" అని మొదటిరోజే చెప్పింది. నెల తిరిగాక క్యాలెండరు కాగితం చింపి పట్టుకొచ్చింది. తప్పిన గడులన్నీ వరసపెట్టి చూస్తే 'బ' అన్నది ఒకే ఒక్కచోట ఉంది. మిగతావి దాదాపు అన్నీ 'దిద్దు'. స్కూలు పేపర్లు దిద్దిన రోజులవి, అన్నీ స్లిప్ టెస్టులు పెట్టే శనివారం, ఆ తర్వాతి ఆదివారం. ఆమెకు లేనిది పట్టుదల అనుకుంది, నిజానికి లేనిది శని ఆదివారాల సమయం. ఆ రెండు రోజులకు చదువును ఐదు ప్రశ్నలకు తగ్గించుకుని, స్కూలు తొందరగా వదిలే ఒక రోజుకు పెద్ద పాఠం మార్చుకుంది. ఎవరి ఉపన్యాసమూ ఆమెకు అంత చెప్పలేకపోయేది. నీ నెల కాగితం కూడా నీకు ఏదో ఒకటి చెప్తుంది.

ఇక అసలు విషయం, తప్పిన రోజు. 21 రోజులు ఆపకుండా చేస్తే అలవాటైపోతుందని నువ్వూ విని ఉంటావు. ఆ మాట పుట్టింది మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసినదాంట్లోంచి. ఆపరేషన్ చేయించుకున్న మనిషి అద్దంలో తన కొత్త ముఖానికి అలవాటుపడటానికి కనీసం 21 రోజులైనా పడుతోందని ఆయన గమనించాడు. నోటా నోటా పాకి 'కనీసం' రాలిపోయింది, ముఖం సంగతీ రాలిపోయింది, 21 మిగిలింది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం దీన్ని నిజంగా కొలిచింది. 96 మందిని 12 వారాలు గమనించారు. మధ్యాహ్నం భోజనంతో ఒక పండు తినడం, రాత్రి భోజనానికి ముందు పావుగంట పరుగెత్తడం లాంటి పనులు ఎవరికి వాళ్ళు ఎంచుకున్నారు. ఆ పని ఆలోచించకుండా జరిగిపోయే స్థితికి రావడానికి పట్టిన కాలం మధ్యస్థంగా 66 రోజులు. కొందరికి 18 రోజులే పట్టింది, కొందరికి లెక్కగడితే 254 వచ్చింది. 21కి అవ్వలేదని నిన్ను నువ్వు తిట్టుకోవడంలో అర్థం లేదన్నమాట.

ఆ పరిశోధనలో నాకు అన్నిటికన్నా విలువైందిగా అనిపించింది వేరే ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు ఏర్పడటంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఒక్క రోజు తప్పితే పోయేది ఆ ఒక్క రోజే. ఇది నువ్వు గట్టిగా నమ్మాలి. ఎందుకంటే మనసు దీనికి సరిగ్గా ఎదురు చెప్తుంది. డైటింగ్ చేసేవాళ్ళ మీద పరిశోధన చేసిన జానెట్ పోలివీ, పీటర్ హెర్మన్ ఈ మనసు గుట్టు పట్టుకున్నారు. గీత ఒకసారి దాటామనుకున్న మనిషి ఆ రోజుకు మొత్తం గేట్లు ఎత్తేస్తాడు. నిండా మునిగినవాడికి చలేమిటని మనవాళ్ళు ఎప్పుడో అన్నారు. పెళ్ళిలో ఒక జాంగ్రీ తిన్నందుకు ఇక ఈ వారం డైటింగ్ లేదు, సోమవారం నుంచి చూద్దాం. ఒక రోజు చదవనందుకు ఇక ఈ నెల పోయింది, వచ్చే ఒకటో తారీఖు నుంచి చూద్దాం. నువ్వు ఉగాదికీ జనవరికీ ఎదురుచూస్తున్నది ఇందుకే. తప్పిన మచ్చ లేని తెల్ల కాగితం కావాలి నీకు. కొత్త సంవత్సరం, కొత్త నెల, పుట్టినరోజు మొదలుపెట్టడానికి ఊపునిస్తాయి, అది నిజమే. కానీ తిరిగి రావడానికి వాటికోసం ఆగితే ఏడాదికి మూడో నాలుగో అవకాశాలు మిగులుతాయి. మంగళవారం మధ్యాహ్నం తిరిగి రావడం నేర్చుకోవాలి.

అందుకు నా దగ్గర ఉన్న నియమాలు రెండే. మొదటిది, ఒక రోజు తప్పొచ్చు, వరసగా రెండో రోజు కనీసమైనా చేయాలి. రెండోది చాలామందికి మింగుడుపడదు: తప్పిన రోజు బాకీ తీర్చకూడదు.

బాకీ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పోటీ పరీక్షల పిల్లల్ని ఎక్కువగా పడగొట్టేది ఇదే. గాజువాక నుంచి వచ్చే ఒక కుర్రాడి టైమ్‌టేబుల్ నాకు ఇప్పటికీ గుర్తుంది. రూళ్ళ కాగితం మీద రంగు రంగుల స్కెచ్ పెన్నులతో గడులు గీశాడు. సోమవారం ఏపీ చరిత్ర శాతవాహనులు, మంగళవారం ఎకానమీ, అలా. సోమవారం తప్పింది. శాతవాహనుల్ని బాణం గుర్తు వేసి మంగళవారం గడిలోకి తోశాడు. మంగళవారం రెండు పాఠాలయ్యాయి, సగమే అయింది. మిగిలింది బుధవారానికి మరో బాణం. శుక్రవారం గడి నిండా బాణాలే, అసలు ఆ రోజు పాఠం ఏదో ఎర్ర ఇంకు కింద కనిపించడం లేదు. ఆ శుక్రవారం పొద్దున్న లేచి ఆ కాగితం చూసిన కుర్రాడు పుస్తకం తీస్తాడా? తీయడు. వారంపాటు కనిపించలేదు. మళ్ళీ వచ్చాక ఇద్దరం కూర్చుని బాణాలన్నీ కొట్టేశాం. ఈ రోజు ఏ వారమో ఆ వారం గడిలో ఉన్న పాఠమే చదవమన్నాను. తప్పిపోయిన పాఠాలన్నీ విడిగా ఒక చీటీ మీద రాసి, నెలాఖరు ఆదివారం ఒక్కటి దానికి వదిలేశాం. ఆ ఆదివారం అందులో సగమే అయ్యాయి. పర్వాలేదు, చదువు మాత్రం ఆగలేదు.

పెద్ద విరామం వస్తే పద్ధతి కొంచెం వేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మన ఊళ్ళో చాలా పేటల్లో రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్ళు లేవు. జనం ఇంటి కప్పులు చూసుకున్నారు, విరిగిన చెట్లు చూసుకున్నారు. అలాంటప్పుడో, ఇంట్లో ఎవరైనా పోయినప్పుడో, పచ్చకామెర్లు వచ్చి మంచం పట్టినప్పుడో లక్ష్యాలు పక్కన పడతాయి. పడాలి కూడా. తిరిగి వచ్చాక మొదటి వారం కనీసంలో సగమే పెట్టుకో. ఐదు ప్రశ్నలు. చదివేసిన, నీకు బాగా వచ్చిన పాఠంతో మొదలుపెట్టు. వేలు పట్టుకుని నడిపించడం లాంటిది అది. నాకు ఇంకా వచ్చు అన్న నమ్మకం ముందు తిరిగి రానీ, కొత్త పాఠాలు ఎక్కడికీ పోవు.

మన సింహాచలం గిరి ప్రదక్షిణ చూస్తే నాకు ప్రతి ఏడూ ఒక ఆలోచన వస్తుంది. ఆషాఢ పౌర్ణమికి కొండ కింద తొలి పావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి లక్షల మంది కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడుస్తారు. అందులో రోజూ నడిచే అలవాటున్నవాళ్ళు ఎంతమంది? వీధి చివర కిరాణా కొట్టుకు స్కూటర్ మీద వెళ్ళేవాళ్ళు కూడా ఆ రాత్రి హనుమంతవాక, అప్పుఘర్, ఎన్ఏడీ, గోపాలపట్నం దాటి కాళ్ళు బొబ్బలెక్కినా పూర్తి చేస్తారు. భక్తి మొదటి కారణం, దాన్ని తక్కువ చేయను. దానికి తోడు అక్కడ అమర్చి ఉన్నవి చూడు. తేదీ ఖాయం. దారి ఖాయం, ఎటు తిరగాలో ఆలోచించక్కర్లేదు. ముందూ వెనకా మనుషులే, అందరూ ఒకే దిక్కుకు. ప్రతి మలుపులో ఎవరో ఒకరు మజ్జిగ, పులిహోర, మంచినీళ్ళు చేతిలో పెడతారు. కూర్చుంటే "లెండి, ఇంకెంత, బేగి వెళ్ళిపోదాం" అని తెలియనివాళ్ళు కూడా లేపుతారు. ఇన్ని ఉంటే మామూలు మనిషి 32 కిలోమీటర్లు నడవగలడు. మర్నాటికి ఇవేవీ ఉండవు, మళ్ళీ స్కూటరే. ఆ రాత్రి ఉన్న బలం అదే మనిషిదే, మర్నాడు పోయింది చుట్టూ ఉన్న ఏర్పాటు.

నీ ఒంటరి రూములో ఆ ఏర్పాటు ఎంత చిన్నగా వీలైతే అంత చిన్నగా కట్టుకోవాలి. తేదీ, దారి నీ టీ గ్లాసు చూసుకుంటుంది. మనిషి కావాలి. బీచ్ రోడ్డులో పొద్దున్నే వాహనాలు ఆపేసిన వేళ కాళీమాత గుడి దగ్గర్నుంచి నడిచే గుంపుల్ని గమనించు. చినుకులు పడుతున్నా వస్తారు. ఎందుకంటే ఎవరో ఒకరు గుడి దగ్గర నిలబడి ఎదురుచూస్తుంటారని తెలుసు. నీ షిఫ్టులోనే, నీ బస్సులోనే గ్రూప్స్‌కు చదివేవాడు ఒక్కడైనా ఉంటాడు. వాణ్ణి పట్టుకో. రోజూ బస్సులో ఒకరినొకరు ఐదు ప్రశ్నలు అడుక్కోండి. వాట్సాప్ స్టేటస్‌లో "ఈ ఏడు గ్రూప్-2 కొట్టి తీరతా" అని పెట్టడం మాత్రం వద్దు. నలుగురి మెప్పు ముందే అందితే పని చేసినంత తృప్తి ఊరికే వచ్చేస్తుంది. అడిగేవాడు ఒక్కడు చాలు.

గ్రూప్-2 గురించి విడిగా ఒక మాట. ఈ లక్ష్యంలో ఉన్న అసలు కష్టం సిలబస్ కాదు, ఎదురుచూపు. ఒక నోటిఫికేషన్ 2023 డిసెంబరులో వచ్చింది. ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరి 25న జరిగింది. మెయిన్స్ వాయిదా పడుతూ పడుతూ 2025 ఫిబ్రవరి 23న జరిగింది. ఏడాది. ఆ ఏడాదిలో మన గ్రంథాలయంలో కుర్చీలు ఖాళీ అవడం కళ్ళారా చూశాను. నిలబడినవాళ్ళు పరీక్ష తేదీని లెక్కలోంచి తీసేసి, ఈ వారం ఎన్ని ప్రశ్నలు చేశాం, ఎన్ని తప్పులు దిద్దుకున్నాం అన్నదే చూసుకున్నారు. తేదీ పరీక్ష పెట్టే కమిషన్ చేతుల్లో ఉంది, ప్రశ్నలు నీ చేతుల్లో ఉన్నాయి.

దీనికి మన విశాఖ అమ్మాయి, హర్డిల్స్ పరుగు క్రీడాకారిణి జ్యోతి యర్రాజీని మించిన ఉదాహరణ నాకు దొరకదు. తండ్రి సెక్యూరిటీ గార్డు, తల్లి ఇళ్ళలో పనిచేసేది. 100 మీటర్ల హర్డిల్స్‌లో అనురాధా బిస్వాల్ 2002లో 13.38 సెకన్లతో పెట్టిన జాతీయ రికార్డు చాలా ఏళ్ళు అలాగే ఉండిపోయింది. జ్యోతి 2020లో అంతర విశ్వవిద్యాలయ పోటీల్లో 13.03కే పరుగు ముగించింది. డోపింగ్ పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి అక్కడ లేరు, అందుకని రికార్డుగా లెక్కలోకి రాలేదు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09 పరుగెత్తింది. వెనక గాలి సెకనుకు 2.1 మీటర్లు, అనుమతి 2.0 వరకే. ఆ 0.1తో అదీ పోయింది. రెండుసార్లు రికార్డు దాటి కూడా పుస్తకంలో పేరు లేదు. గాలి మీద ఎవరికి కోపం తెచ్చుకోవాలి? కొద్ది వారాలకే, 2022 మే 10న, సైప్రస్‌లోని లిమాసోల్‌లో 13.23తో రికార్డు రాయించుకుంది. అంతకుముందు లెక్కలోకి రాని రెండు పరుగుల కన్నా అది నెమ్మదైనదే, అయినా అదే నిలిచింది. ఆ తర్వాత దాన్ని తనే పదే పదే తిరగరాసింది, 2023లో ఆసియా ఛాంపియన్ అయింది, 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో పరుగెత్తింది. రెండోసారి లెక్కలోకి రాని రోజు సాయంత్రం ఆ అమ్మాయి మనసులో ఏముందో మనకు తెలియదు. మళ్ళీ ట్రాక్ మీదకు వచ్చిందన్నది తెలుసు.

నీ మూడు లక్ష్యాల సంగతి త్వరగా చెప్పేస్తాను. మూడూ ఒకేసారి వద్దు. షిఫ్టు ఉద్యోగికి కొత్తగా పెట్టుకునే పని ఒకసారికి ఒక్కటే పడుతుంది. గ్రూప్-2 ముందు పెట్టు. నడకను లక్ష్యంగా కాకుండా చదువుకు తోడుగా పెట్టు: ఇష్టమైన క్లాసులు నడుస్తున్నప్పుడు మాత్రమే విను, రూములో కూర్చుని వినకు. ఇంగ్లిష్‌ను ఆరు నెలలు పక్కన పెట్టు. పక్కన పెట్టడం ఓటమి కాదు, దాని వంతు రాలేదంతే.

ఇంకో ప్రశ్న నిన్ను నువ్వే అడుక్కోవాలి. గ్రూప్-2 నీ కోరికా, మీ నాన్నగారి కోరికా? ఎవరికీ చెప్పక్కర్లేని ఉద్యోగమైతే, ఊళ్ళో ఎవరూ మెచ్చుకోకపోతే, అప్పుడూ ఇది చేస్తావా? చేస్తానంటే సాగు. చేయనంటే నిజాయతీగా వదిలేసి నీకు కావలసింది పట్టుకో. అందని లక్ష్యాన్ని వదిలి వేరే లక్ష్యం చేపట్టగలిగినవాళ్ళు మనసుకు ఎక్కువ హాయిగా ఉంటున్నారని కార్‌స్టెన్ రాష్ బృందం పరిశోధనల్లో తేలింది. పట్టుదల పేరుతో ఇష్టం లేని పనికి ఏళ్ళు ధారపోసిన పిల్లల్ని చూసి నాకు చాలా బాధ కలిగింది. ఆ నిర్ణయం మాత్రం తప్పిన రోజు తీసుకోవద్దు. నాలుగు రోజులు బాగా సాగాక, కడుపు నిండా నిద్రపోయి లేచాక ఆలోచించు.

ఇదంతా చేసినా ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం, నిద్ర పట్టకపోవడం, ఇదివరకు ఇష్టమైనవి కూడా రుచించకపోవడం రెండు వారాలు దాటి ఉంటే దాన్ని పట్టుదల లెక్కలో వేయకు. అది వైద్యుడు చూడాల్సిన సంగతి. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. వెళ్ళడానికి మొహమాటమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోను చేయి, తెలుగులోనే మాట్లాడొచ్చు. రాత్రి షిఫ్టులవాళ్ళకు ఈ ఇబ్బంది రావడం అరుదేమీ కాదు, సిగ్గుపడాల్సింది ఇందులో లేదు.

ఈ వారం నీది ఏ షిఫ్టో రాయలేదు. ఏదైనా సరే, రేపు లేచి టీ తాగాక పది ప్రశ్నలు. గోడకు క్యాలెండరు లేకపోతే కూర్మన్నపాలెం జంక్షన్‌లో ఏ పుస్తకాల షాపులోనైనా దొరుకుతుంది. ఏ నెల మధ్యలో ఉన్నా సరే, రేపటి గడి నుంచే మొదలుపెట్టు. బి షిఫ్టు ఒకటి, సి షిఫ్టు ఒకటి దాటాక ఆ కాగితం ఫొటో తీసి ఇక్కడ పెట్టు. టిక్కులు ఎన్నున్నాయో నేను చూడను. తప్పిన గడుల్లో నువ్వు ఏం రాశావో చూసి, మిగతాది అక్కడి నుంచి మాట్లాడుకుందాం.